తొలి టాకీ నుంచి మాయాబజార్ దాకా: అపోహలు - వాస్తవాలు

పాత తెలుగు చిత్రాల పాటల పుస్తకాలనూ పత్రికా ప్రకటనలనూ సేకరించి పరిశీలించడం నా పని. చెన్నైలోని కోడంబాక్కం, వడపళని ప్రాంతాల్లో తరాలుగా స్థిరపడిన తెలుగువారు ఎంతో నమ్మకంగా చెప్పే సినీ విశేషాల్లో కొన్నింటికి కాగితం మీద ఆధారం దొరకదు.

అపోహ: తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1931 సెప్టెంబరు 15న విడుదలైంది.

వాస్తవం: తెలుగు సినిమా పుట్టినరోజుగా ఏళ్ల తరబడి ఉత్సవాలు జరుపుకున్న ఆ తేదీ పరిశీలనకు నిలవదు. ఆ చిత్రానికి సెన్సారు ధ్రువపత్రం అందింది 1932 జనవరి 22న. ధ్రువపత్రం లేనిదే ప్రదర్శన ఉండదు కనుక, అంతకు నాలుగు నెలల ముందే విడుదలైందనడం కుదరదు. పాత్రికేయుడు రెంటాల జయదేవ వెలికితీసిన ఆధారాల ప్రకారం, అది 1932 ఫిబ్రవరి 6న బొంబాయిలోని కృష్ణా సినిమా థియేటర్‌లో తొలిసారి ప్రదర్శితమైంది. మద్రాసు ప్రేక్షకులు ఏప్రిల్ దాకా ఆగవలసి వచ్చింది.

అపోహ: ‘కాళిదాస్’ అచ్చమైన తమిళ చిత్రం.

వాస్తవం: 1931 అక్టోబరు 31న మద్రాసులోని కినిమా సెంట్రల్‌లో విడుదలైన ఈ చిత్రంలో నాయిక టి.పి. రాజలక్ష్మి తమిళంలో మాట్లాడితే నాయకుడు పి.జి. వెంకటేశన్ తెలుగులో బదులిచ్చారు. త్యాగరాజ కీర్తనలు కూడా వినిపించాయి. దర్శకుడు ‘భక్త ప్రహ్లాద’ తీసిన హెచ్.ఎం. రెడ్డే. సెప్టెంబరు తేదీని నమ్మినంత కాలం మన చిత్రమే ముందు వచ్చిందని అనుకున్నాం గానీ, ఫిబ్రవరి తేదీ తేలాక వరుస తారుమారైంది: తొలి తెలుగు టాకీ కన్నా మూడు నెలల ముందే, తమిళుల తొలి టాకీలో తెలుగు సంభాషణలు వినిపించాయి. చెన్నైలో ఈ సంగతి చెప్పినప్పుడు రెండు భాషలవారూ కాస్త ఇబ్బందిగానే నవ్వుతారు.

అపోహ: ఎన్.టి. రామారావు కృష్ణుడి వేషం తొలిసారి ‘మాయాబజార్’లోనే వేశారు.

వాస్తవం: ‘ఇద్దరు పెళ్ళాలు’ (1954), ‘సొంతవూరు’ (1956) చిత్రాల్లో ఆయన కాసేపు కృష్ణుడిగా కనిపించారు, ప్రేక్షకులు మెచ్చలేదు. అందుకే వెనుకాడిన ఆయనను దర్శకుడు కె.వి. రెడ్డి ఒప్పించవలసి వచ్చింది.

అపోహ: 1957 నాటి ‘మాయాబజార్’లోని బాణీలన్నీ ఘంటసాలవే.

వాస్తవం: ‘లాహిరి లాహిరి లాహిరిలో’తో సహా నాలుగు పాటలకు బాణీలు కట్టింది సాలూరి రాజేశ్వరరావు. ఆయన మధ్యలో వైదొలగాక, ఆ బాణీలకు వాద్య సహకారం కూర్చి రికార్డు చేయించిందీ, మిగిలిన పాటలను స్వరపరచిందీ ఘంటసాల.