డిస్కులో ఉన్నదంతా తీగలోకి ఎందుకు రాదు?

ఎస్‌ఏసీడీ (సీడీకన్నా వివరంగా ధ్వనిని దాచే సూపర్ ఆడియో సీడీ) పెట్టి, ప్లేయర్ వెనకున్న కోయాక్సియల్ సాకెట్ (డిజిటల్ ధ్వనిని లోహపు తీగలోకి పంపేది) నుంచి, స్పీకర్లను నడిపే రిసీవర్‌కి తీగ కలిపి చూడండి. రిసీవర్ తెర మీద 44.1 కిలోహెర్ట్జ్ అని వస్తుంది, లేదంటే అసలు శబ్దమే రాదు. తీగలో లోపం లేదు, ప్లేయరూ బాగానే ఉంది. డిస్కులోని అసలు రికార్డింగును ఆ దారిన బయటికి వదలకుండా తయారీలోనే కట్టడి చేశారు.

44.1 అనేది సీడీ అంకె. 1982లో మార్కెట్లోకి వచ్చిన సీడీలో ధ్వనిని సెకనుకు 44,100 సార్లు కొలిచి, ఒక్కో కొలతను 16 బిట్లలో రాస్తారు. కొలిచే వేగంలో సగం దాకా ఉన్న పౌనఃపున్యాలను తిరిగి రాబట్టవచ్చు. అంటే 22 కిలోహెర్ట్జ్ దాకా. మన చెవికి 20 దాటితే వినపడదు.

ఆ తర్వాత 1999లో ఎస్‌ఏసీడీ, 2000లో డీవీడీ-ఆడియో వచ్చాయి. డీవీడీ-ఆడియోలో స్టీరియోను 24 బిట్లతో, 192 కిలోహెర్ట్జ్ దాకా రాయవచ్చు. ఎస్‌ఏసీడీది వేరే పద్ధతి: ఒక్కో కొలతకు ఒక్కటే బిట్టు, కానీ సెకనుకు 28,22,400 సార్లు. సీడీకి సరిగ్గా 64 రెట్లు.

ఇంత సమాచారాన్ని పాత తీగ మోయలేదేమో అనిపించడం సహజం. స్టీరియో వరకైతే మోయగలదు. ఈ తీగల్లో ధ్వనిని పంపేందుకు సోనీ, ఫిలిప్స్ రూపొందించిన ఎస్‌పీడిఫ్ పద్ధతిలో 24 బిట్లకు చోటుంది. కోయాక్సియల్ మీద 192 కిలోహెర్ట్జ్ కూడా నడుస్తుంది, కాంతితో పంపే ఆప్టికల్ తీగ మీద 96 దాకా మామూలుగా ఇబ్బంది ఉండదు. కుదింపు లేని ఆరు ఛానెళ్లకు మాత్రం అందులో చోటు లేదు. అందుకే బ్లూ-రేలోని డీటీఎస్-హెచ్‌డీ అనే మేలైన బహుళ ఛానెళ్ల ధ్వని ఈ తీగలోకి వచ్చేసరికి, ఎక్కువగా కుదించిన మామూలు డీటీఎస్ అయిపోతుంది.

మరి స్టీరియోను ఎందుకు ఆపారు? సీడీకి తాళం లేదు. కంప్యూటర్లు వచ్చాక దాన్ని ఎవరైనా ఉన్నదున్నట్టు కాపీ చేసుకోగలిగారు. ఆ అనుభవంతో రికార్డింగ్ కంపెనీలు కొత్త డిస్కులకు గట్టి తాళాలు అడిగాయి. ఎస్‌పీడిఫ్‌లో ఉన్నదల్లా ‘కాపీ చేయవద్దు’ అని చెప్పే చిన్న గుర్తు, సంకేతాన్ని గూఢంగా మార్చే ఏర్పాటు లేదు. కాబట్టి రక్షణ ఉన్న డీవీడీ-ఆడియోను ఆ తీగలోకి పంపేటప్పుడు ప్లేయర్ నాణ్యత తగ్గిస్తుంది. ఎస్‌ఏసీడీ పొరనైతే అసలు పంపదు, రెండు పొరలూ ఉన్న హైబ్రిడ్ డిస్కయితే అందులోని సీడీ పొరను ఇస్తుంది. డబ్బిచ్చి డిస్కు కొన్నవాడికి ఇది అన్యాయమే అంటాను.

హెచ్‌డీఎంఐతో దారి తెరుచుకుంది, దానికి హెచ్‌డీసీపీ అనే గూఢలిపి తోడుంది కనుక. 2004 నాటి 1.1 వెర్షన్‌తో డీవీడీ-ఆడియో, 2005 నాటి 1.2తో ఎస్‌ఏసీడీ సంకేతం, 2006 నాటి 1.3తో బ్లూ-రేలోని డాల్బీ ట్రూహెచ్‌డీ, డీటీఎస్-హెచ్‌డీ దాని గుండా వెళ్లగలిగాయి. తీగ కలిపితే సరిపోదు, ప్లేయర్ సెట్టింగుల్లో మూడు చూడాలి. డిస్కు పొర ఎస్‌ఏసీడీకి పెట్టాలి. రిసీవర్‌కి డీఎస్‌డీ (ఎస్‌ఏసీడీ వాడే ఒక్క బిట్టు పద్ధతి) తెలియకపోతే పీసీఎం (సీడీ తరహా కొలతల పద్ధతి) ఎంచుకోవాలి. బ్లూ-రేకి సెకండరీ ఆడియో ఆపాలి, లేకపోతే మెనూ చప్పుళ్లను కలిపే పనిలో ప్లేయర్ అసలు ట్రాకును మార్చేస్తుంది. ప్లేయర్‌ను టీవీకి కలిపి, టీవీ నుంచి ఆప్టికల్ తీగ లాగితే మళ్లీ మొదటికే వస్తాం.

ఈ తేడా వినపడుతుందా? 2007లో ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ పత్రికలో వచ్చిన ఒక పరీక్షలో, ఈ డిస్కుల ధ్వనిని సీడీ స్థాయికి దించి వినిపిస్తే శ్రోతలు మామూలు స్థాయిలో వింటూ తేడా పట్టలేకపోయారు. అయినా ఈ డిస్కుల కోసం పడే శ్రమ వృథా కాదని నా నమ్మకం. చాలా వాటికి మాస్టరింగ్ (డిస్కుకు ముందు ధ్వనికి దిద్దే తుది మెరుగు) వేరుగా, శ్రద్ధగా చేశారు; బహుళ ఛానెళ్ల రికార్డింగైతే సీడీలో దొరకనే దొరకదు. రిసీవర్‌కి హెచ్‌డీఎంఐ లేనివారు ప్లేయర్‌లో అనలాగ్ 5.1 సాకెట్లు ఉన్నాయేమో చూసుకోవాలి. ఆ దారికి ఈ కట్టడి వర్తించదు.