గోడ మీద మేకు, 19 డిగ్రీల వంపు

బరంపురం నుంచి కోణార్క వెళ్లినవారెవరూ గైడు వేలి నీడను చూడకుండా తిరిగి రారు. దక్షిణపు గోడ మీది చక్రం ఇరుసుకు వేలు ఆనించి, లావు ఆకుకూ ఆకుకూ మధ్య ఒక జాము అని లెక్కగట్టి, ఆయన టైము చెబుతాడు. మనం ఫోను తీసి సరిచూసుకుని అబ్బురపడతాం. 13వ శతాబ్దపు ఆ శిల్పానికి అబ్బురపడవలసిందే. గడియారంగా మాత్రం నాకొక సందేహం: ఆ ఇరుసు గోడకు లంబంగా పొడుచుకొచ్చింది.

లంబంగా కొట్టిన మేకు నీడ ఏడాది పొడవునా ఒకే గీత మీద చూపేది మిట్టమధ్యాహ్నాన్ని ఒక్కదాన్నే. మిగతా గంటలు రుతువును బట్టి జరిగిపోతాయి. మా డాబా దక్షిణపు గోడకు అలాంటి మేకు కొట్టి, మార్చి 21న సూర్యుడి లెక్కన ఉదయం 9కి గీత గీశామనుకోండి. డిసెంబరు చివర్లో నీడ ఆ గీతను చేరేసరికి దాదాపు 9.25 అవుతుంది.

మేకు కొనను 19 డిగ్రీలు కిందికి వంచితే చిక్కు తీరుతుంది. అది బరంపురం అక్షాంశం. అప్పుడు మేకు భూమి ఇరుసుకు సమాంతరమవుతుంది, ఏ నెలలోనైనా 9 గంటల నీడ 9 గీత మీదే పడుతుంది. వంపు ఇంత తక్కువ కాబట్టే కోణార్కలో తప్పు అంతగా బయటపడదు. లండన్‌లో 51 డిగ్రీలు వంచాలి, అక్కడ లంబపు మేకు గైడును నవ్వులపాలు చేసేది.

మన దక్షిణపు గోడకు ఇంకో లోపం ఉంది. మే మధ్య నుంచి జులై చివరి వారం వరకు సూర్యుడు రోజంతా ఉత్తరంగానే నడుస్తాడు, ఆ గోడకు ఎండ పొడ కూడా తగలదు. అప్పుడు ఉత్తరపు గోడకు మరో గడియారం కావాలి (అందులో సగం రోజులు మబ్బులే అనుకోండి). తూర్పు గోడది ఉదయంతో సరి, పడమటిది సాయంత్రానికి.

నాకిష్టమైనది వాలు పలక. పై అంచు దక్షిణానికి వాలేలా నేలకు 71 డిగ్రీల కోణంలో పలకను నిలిపి, నడుమ కడ్డీని లంబంగా గుచ్చితే గీతలకు గణితమే అక్కర్లేదు: గంటకు 15 డిగ్రీలు, మన పాత గడియకు 6. నేల మీద పరిచిన పలకకు ఈ హాయి లేదు. ఇక్కడ దాని మీద 12కూ 1కీ మధ్య 5 డిగ్రీలే, 4కూ 5కూ మధ్య 21. వాలు పలకలో మార్చి నుంచి సెప్టెంబరు వరకు నీడ ఉత్తర ముఖం మీద, తక్కిన ఆరు నెలలు దక్షిణ ముఖం మీద పడుతుంది. జైపూరు జంతర్ మంతర్‌లోని నాడీవలయ యంత్రం ఈ కోవలోదే.

ఇంత చేసినా నీడ ఫోనుతో కలవదు. మన ప్రామాణిక సమయం 82.5 డిగ్రీల రేఖాంశానిది, బరంపురం సూర్యుడు దానికన్నా 9 నిమిషాలు ముందుంటాడు. దీనికి భూమి కక్ష్య వల్ల, ఇరుసు వాలు వల్ల వచ్చే తేడా తోడవుతుంది: నవంబరు మొదట్లో ఇంకో 16 నిమిషాలు ముందుకు, ఫిబ్రవరి మధ్యలో 14 నిమిషాలు వెనక్కు. అంటే నవంబరులో మా గోడ 12 అన్నప్పుడు ఫోనులో 11.35. కోణార్క సూర్యుడు 14 నిమిషాలు ముందు కాబట్టి, అక్కడ ఫిబ్రవరి మధ్యలో రెండూ నిజంగానే కలుస్తాయి. నవంబరులోనూ అచ్చంగా కలిశాయంటే, నేను చూసేది చక్రం వైపు కాదు, గైడు వేలి వైపు.