మెనోపాజ్ హార్మోన్లు: జాతి తేడాల లెక్క ఎక్కడ మొదలైంది?

1980ల దాకా మెనోపాజ్ (నెలసరి శాశ్వతంగా ఆగిపోయే దశ) గురించి అమెరికా డాక్టర్లకు తెలిసినదంతా దాదాపు తెల్లజాతి మహిళల మీద చేసిన పరిశోధనల నుంచి వచ్చిందే. అదే దశాబ్దంలో ఆంత్రోపాలజిస్ట్ మార్గరెట్ లాక్ జపాన్‌లో సర్వే చేస్తే, వేడి ఆవిర్లు (హాట్ ఫ్లాషెస్, ఒంట్లో ఉన్నట్టుండి వేడి ఎగదన్నడం) వస్తున్నాయని చెప్పినవాళ్లు చాలా తక్కువగా తేలారు. అందరికీ ఒకేలా ఉంటుందన్న నమ్మకం సడలింది.

ప్రభుత్వ నిధులతో జరిగే వైద్య పరిశోధనల్లో మహిళలను, మైనారిటీలను చేర్చుకోవాల్సిందేనని 1993లో అమెరికా చట్టం చేసింది. 'స్వాన్' (స్టడీ ఆఫ్ విమెన్స్ హెల్త్ అక్రాస్ ద నేషన్) అనే అమెరికా అధ్యయనం 1996-97లో 42 నుంచి 52 ఏళ్ల మహిళలు 3,302 మందిని చేర్చుకుంది. మొత్తం ఏడు కేంద్రాలు. ప్రతిచోటా తెల్లజాతి మహిళలతో పాటు మరో వర్గం వారున్నారు: ఓక్లాండ్ వైపు చైనా మూలాలవారు, లాస్ ఏంజెలెస్‌లో జపాన్ మూలాలవారు, న్యూజెర్సీలో హిస్పానిక్ (స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్న) మహిళలు, మిగతా నాలుగు చోట్ల నల్లజాతివారు. నెలసరి మొదలైన రెండు నుంచి ఐదో రోజు లోపు రక్తం తీసేవారు. కొందరైతే ఒక నెలసరి చక్రమంతా రోజూ పొద్దున్నే మూత్రం శాంపిల్ పట్టి దాచిపెట్టేవారు. ఈనాడు మనకున్న గ్రాఫుల వెనక వాళ్ల ఓపిక ఉంది.

చైనా, జపాన్ మూలాల మహిళల్లో ఎస్ట్రాడయోల్ (ఈస్ట్రోజెన్ రకాల్లో ముఖ్యమైన స్త్రీ హార్మోన్) తక్కువగా కనిపించింది. కానీ వయసుతో అది తగ్గే తీరు అన్ని వర్గాల్లోనూ దాదాపు ఒకటే. పైగా జాతి తేడాలుగా కనిపించిన వాటిలో కొంత భాగం శరీర బరువుదని తేలింది. ఇక్కడే జాగ్రత్తగా చదవాలి. ఎస్ట్రాడయోల్ తక్కువైతే ఆవిర్లు ఎక్కువ రావాలి కదా? అలా జరగలేదు. తరచూ ఆవిర్లు వచ్చే కాలం జపాన్ మూలాలవారిలో మధ్యస్థంగా (మీడియన్) 4.8 ఏళ్లుంటే, నల్లజాతి మహిళల్లో 10.1 ఏళ్లు. ఒక్క హార్మోన్ మట్టంతో ఇంత తేడాను వివరించలేం. డబ్బు ఇబ్బందులు, ఏళ్ల తరబడి మోసిన ఒత్తిడి కూడా లెక్కలోకి రావాలి.

అసలు చేర్చుకున్నదెవరిని? గర్భసంచి ఉండాలి, గత మూడు నెలల్లో నెలసరి వచ్చి ఉండాలి అని షరతు పెట్టారు. ఆపరేషన్‌తో గర్భసంచి తీసేసినవారు, ముందే నెలసరి ఆగినవారు బయటే ఉండిపోయారు. వారిలో నల్లజాతి మహిళల వాటా ఎక్కువ. బయట ఉండిపోయిన వారినీ కలుపుకుని 2020ల్లో మళ్లీ లెక్కవేస్తే, నల్లజాతి మహిళలకు మెనోపాజ్ ముందే వస్తోందని బయటపడింది. దక్షిణాసియా మహిళలైతే ఆ ఐదు వర్గాల్లో లేనేలేరు.