ఏం తిన్నారో గుర్తులేకపోయినా క్రిమి డీఎన్ఏ పట్టిస్తుంది

తిండి ద్వారా సోకే లిస్టీరియా అని ఒక బ్యాక్టీరియా ఉంది, దీంతో అసలు తలనొప్పి ఏంటంటే ఫ్రిజ్‌లో పెట్టినా మెల్లగా పెరుగుతూనే ఉంటుంది, పైగా కడుపులోకి వెళ్లాక జబ్బు బయటపడటానికి ఒక్కోసారి 70 రోజుల దాకా పడుతుంది. రెండు నెలల కింద ఏం తిన్నారండీ అని పేషెంట్‌ని అడిగితే ఎవరు మాత్రం చెప్పగలరు, నిన్న మధ్యాహ్నం తిన్నదే సరిగ్గా గుర్తుండదు.

అందుకే ఇప్పుడు క్రిమి డీఎన్ఏ మొత్తం చదివేస్తున్నారు. పేషెంట్ రక్తంలో దొరికిన లిస్టీరియానీ, ఆహారం తయారుచేసే ఫ్యాక్టరీలో మెషీన్ మీద తుడిచి తీసిన శాంపిల్‌లో దొరికినదాన్నీ విడివిడిగా పెంచి, సీక్వెన్స్ చేసి, అంటే డీఎన్ఏ అక్షరాల వరుస చదివి, పక్కపక్కన పెట్టి చూస్తారు. దాని జీనోమ్, అంటే మొత్తం డీఎన్ఏ, సుమారు 30 లక్షల అక్షరాలు. అంతలో నాలుగైదు అక్షరాలే తేడా ఉంటే రెండూ ఈమధ్యే ఒకే మూలం నుంచి వచ్చాయని గట్టి అనుమానం, వందల్లో తేడా ఉంటే ఆ రెంటికీ సంబంధం లేనట్టే. ఇంతకుముందు డీఎన్ఏని ముక్కలు చేసి జెల్ మీద పడే చారలు పోల్చేవాళ్లు, అందులో వేర్వేరు రకాలు కూడా ఒక్కోసారి ఒకేలా కనపడేవి. అమెరికాలో 1996లో మొదలైన పల్స్‌నెట్, అంటే తిండితో వచ్చే జబ్బుల క్రిముల్ని పోల్చి చూసే ల్యాబుల నెట్‌వర్క్, చాలా ఏళ్లు ఆ చారలతోనే నెట్టుకొచ్చి 2019లో సీక్వెన్సింగ్‌కి మారింది.

2017-18లో దక్షిణాఫ్రికాలో వెయ్యిమందికి పైగా లిస్టీరియా సోకింది, 200 మందికి పైగా చనిపోయారు, వాళ్లలో పసికందులు చాలామంది. పేషెంట్ల శాంపిల్స్ సీక్వెన్స్ చేస్తే పదింట తొమ్మిది ఒకే రకం, ఎస్‌టీ6 అంటారు దాన్ని. సరే, మూలం ఒక్కటే అని అర్థమైంది, కానీ ఎక్కడ? 2018 జనవరిలో ఒక క్రెష్ (పసిపిల్లల్ని పగలు చూసుకునే చోటు) పిల్లలు కడుపు జబ్బుతో ఆస్పత్రికొచ్చారు, అక్కడి ఫ్రిజ్‌లో పోలనీ దొరికింది, అంటే మాంసంతో చేసే ఒక రకం సాసేజ్, దాన్ని పట్టుకుని ఫ్యాక్టరీ దాకా వెళ్లి శాంపిల్స్ తీస్తే అక్కడా ఎస్‌టీ6. క్రెడిట్ అంతా సీక్వెన్సింగ్ మెషీన్‌కే ఇస్తుంటారు గానీ, ఆ ఫ్రిజ్ తెరిచి చూసిన హెల్త్ సిబ్బంది లేకపోతే పేషెంట్ల జీనోమ్‌తో పోల్చడానికి ఇంకోటి ఉండేదే కాదు కదా.

ఇంకో చిక్కుంది. ఆహారం ముక్క నేరుగా మెషీన్‌లో పెడితే ఆ ఆహారానిదే బోలెడు డీఎన్ఏ వచ్చేస్తుంది, దాంట్లో క్రిమిది ఎక్కడో ఓ మూల. పైగా వేడికి చచ్చిపోయిన క్రిమి డీఎన్ఏ కూడా కొంతకాలం ఉంటుంది, చదివే మెషీన్‌కి బతికున్నదేదో చచ్చిందేదో తెలీదు. అందుకే ముందు ల్యాబ్‌లో క్రిములు పెంచే ప్లేట్ మీద పెంచుతారు, పెరిగిందంటే బతికున్నట్టే, కాకపోతే దానికే కొన్ని రోజులు పోతాయి. ఈ పెంచే పని లేకుండా చదివే పద్ధతుల మీద ల్యాబుల్లో పని నడుస్తోంది గానీ, కేసు తేల్చాల్సొస్తే మాత్రం ఎక్కువగా ప్లేట్ మీద పెరిగినదాన్నే నమ్ముతున్నారు.