సీ-ఆర్మ్ రేడియేషన్ మీద మా థియేటర్‌లో వినపడే అపోహలు, అసలు సంగతులు

నెల్లూరులో నడుం ఆపరేషన్లకి సీ-ఆర్మ్, అంటే ఆపరేషన్ జరుగుతుండగానే ఎక్స్‌రే బొమ్మలు చూపించే మిషన్, నడిపేది నా పని. కావలి నుంచి, ఆత్మకూరు నుంచి వచ్చే పేషెంట్లు అడిగేవి, థియేటర్ స్టాఫ్ నమ్మేవి కొన్ని రాస్తున్నా.

అపోహ: కీహోల్ ఆపరేషన్ కదా, రేడియేషన్ కూడా తక్కువే.

తక్కువ కాదు, ఎక్కువే. పెద్ద కోత పెడితే డాక్టర్‌గారికి ఎముక కంటికి కనపడతది, చిన్న కోతలో కనపడదు, అందుకే సూది యాడికి పోతుందో స్క్రూ ఎటు తిరుగుతుందో ప్రతిసారీ ఎక్స్‌రే బొమ్మలో చూసుకోవాల్సిందే. పేషెంటు తొందరగా లేచి నడుస్తాడు, నిజమే, అయితే ఆ షాట్లన్నిటికీ రోజూ పక్కన నిలబడేది మేము.

అపోహ: ఏప్రాన్ వేసుకుంటే ఇంక భయం లేదు.

దీన్ని నమ్మేవాళ్లే ఎక్కువ, నాకు కోపం వచ్చేది కూడా దీని మీదే. అర మిల్లీమీటర్ సీసం ఏప్రాన్ చాలావరకు ఆపుతది, కాదనను, కానీ కళ్లు, చేతులు, మెడ బయటే ఉంటాయి కదా. మెడకి థైరాయిడ్ కాలర్, కళ్లకి సీసం అద్దాలు కావాలి, సూదిని వేళ్లతో కాకుండా పొడుగు క్లాంప్‌తో పట్టుకోవాలి. ఇంకోటి, కేసు అయిపోగానే ఏప్రాన్ మడతపెట్టి స్టూలు మీద పడేస్తారు, మడత దగ్గర లోపల సీసం చీలతది, పైకి ఏం కనపడదు. సీ-ఆర్మ్ కింద పెట్టి ఒక షాట్ తీస్తే గీతలు గీతలుగా తెలిసిపోతది. హ్యాంగర్‌కి తగిలించండి అయ్యా.

అపోహ: రేడియేషన్ అంతా మిషన్ నుంచే మన మీద పడతది.

మనకి తగిలేది ఎక్కువగా పేషెంటు ఒంటికి తగిలి చెదిరిందే. మంచులో లారీ లైటు వేస్తే వెలుగు చుట్టూరా చిమ్ముతది చూడండి, అట్లా. చెదిరేది ఎక్కువ ఎక్స్‌రే పుట్టే ట్యూబ్ వైపుకే, అందుకే పక్క నుంచి షాట్ తీసేటప్పుడు ట్యూబ్ దగ్గర కాదు, బొమ్మ పట్టే డిటెక్టర్ వైపు నిలబడాలి. నేరుగా తీసేటప్పుడు ట్యూబ్ టేబుల్ కింద, డిటెక్టర్ పేషెంటుకి వీలైనంత దగ్గరగా ఉండాలి. మీటర్ దూరంలో ఉన్నవాళ్లు రెండు మీటర్లకి జరిగితే డోసు దాదాపు నాలుగో వంతుకి పడిపోతది, ఖర్చు లేని పని ఇది. పెడల్ తొక్కిపట్టి ఉంచకుండా ఒక్కో షాట్ తీసి, స్క్రీన్ మీద ఆగిన ఆఖరి బొమ్మ చూసే పని చేసుకోవాలి, కిరణం ఆగి ఆగి వచ్చే పల్స్ మోడ్ పెట్టుకోవాలి, కావాల్సిన వెన్నుపూస వరకే కిరణాన్ని కుదించాలి. నేనైతే చక్రాలు ఉన్నచోట నేల మీద ప్లాస్టర్ ముక్క అంటిస్తా, మిషన్ జరిపి మళ్లీ తెస్తే అదే చోటికి వస్తది, వెతుక్కోవడానికి తీసే వేస్ట్ షాట్లు తగ్గుతాయి.

అపోహ: ఎక్స్‌రే పడితే ఒంట్లో కిరణాలు ఉండిపోతాయి.

పొదలకూరు పెద్దాయన ఒకరు డిశ్చార్జి రోజు "మనవడిని దగ్గరకి తీసుకోవచ్చా సారూ" అన్నాడు. పెడల్ మీద కాలు తీయంగానే కిరణం ఆగిపోతది, ఒంట్లో ఏం మిగలదు. ఎత్తుకోవద్దనేది మాత్రం స్క్రూల కోసం, అది డాక్టర్‌గారు చెప్పిందాకా ఆగాల్సిందే.

అపోహ: బ్యాడ్జి పెట్టుకుంటే కాపాడతది.

ఒంటికి ఎంత రేడియేషన్ తగిలిందో అది కొలుస్తది, అంతే. అణుశక్తి నియంత్రణ మండలి (ఏఈఆర్‌బీ) లెక్క ఐదేళ్ల మీద సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు (డోసు కొలిచే యూనిట్), ఏ ఒక్క ఏడాదీ 30 దాటకూడదు. రీడింగ్ ఎక్కువొస్తే కేసుల్లోంచి తీసేస్తారని బ్యాడ్జిని లాకర్‌లో పెట్టేవాళ్లున్నారు, వాళ్లకి ఏం చెప్పాలి. ఏప్రాన్ లోపల, ఛాతీ దగ్గర పెట్టుకోండి.

నావిగేషన్, అంటే ముందు స్కాన్ తీసి సూది, స్క్రూ దారిని కంప్యూటర్‌లో చూపించే పద్ధతి, వస్తే రేడియేషన్ అంతా పోతదంటారు. స్కాన్ తీసేటప్పుడు బయటికి పోతాం కాబట్టి మాకు బాగా తగ్గుతది, పేషెంటుకి మాత్రం ఒక్కోసారి పెరగొచ్చు. ఇక ఎంఆర్‌ఐకి భయపడేవాళ్లు, దాంట్లో ఎక్స్‌రేనే లేదు.