సరిహద్దు దగ్గర బండి ఎందుకు ఆగుతుంది

మలక్‌పేట, హైదరాబాద్

చిరంజీవులైన మనవలకు తాతయ్య ఆశీస్సులు.

పంతంగి టోల్‌గేటును ఫాస్టాగ్‌తో క్షణంలో దాటిపోయే లారీ బంగ్లాదేశ్ సరిహద్దులో రోజుల తరబడి ఎందుకు నిలబడుతుందని అడిగారు. టోల్‌గేటుకు కావలసింది రుసుము ఒక్కటే. సరిహద్దులో మాత్రం వచ్చే మనిషి ఎవరు, అతడి బండి తిరిగి వెళ్తుందా, అందులోని సరుకుకు సుంకం కట్టారా అని మూడు సంగతులు విడివిడిగా విచారిస్తారు. మొదటిది ఇమిగ్రేషన్ వారి పని, తక్కినవి కస్టమ్స్ వారివి. పండ్లో విత్తనాలో ఉంటే తెగుళ్ళు రాకుండా చూసే అధికారులు కూడా వస్తారు. ఆపైన అవతలి దేశం వారు ఇదంతా మళ్ళీ మొదటి నుంచి చేస్తారు.

బండి మీద అనుమానమెందుకని మీకు తోచవచ్చు. మన కారును పరాయి దేశంలో అమ్ముకుని వచ్చేస్తే అక్కడి ప్రభుత్వానికి రావలసిన దిగుమతి సుంకం పోతుంది. అందుకే చాలా దేశాలు కార్నెట్ అనే పత్రం అడుగుతాయి. బండి తిరిగి రాకపోతే ఆ సుంకానికి మాది పూచీ అని ఒక ఆటోమొబైల్ సంఘం రాసిచ్చే హామీ అది. నేపాల్‌కు ఇంత తతంగం లేదు. మనుషులకు వీసా అక్కరలేదు, కారుకు మాత్రం సునౌలీ, రక్సౌల్ వంటి చోట్ల సరిహద్దు దాటగానే నేపాల్ కస్టమ్స్ కార్యాలయంలో రోజుల లెక్కన రుసుము కట్టి, భన్సార్ అనే అనుమతి పత్రం రాయించుకోవాలి.

ఇక మీరు అడిగిన బంగ్లాదేశ్ దారి. పశ్చిమ బెంగాల్‌లోని పెట్రాపోల్‌లో 2016లో అన్ని శాఖలనూ ఒకే ఆవరణలోకి తెచ్చిన సమీకృత చెక్‌పోస్టు మొదలైంది. అయినా మన లారీ అక్కడి నుంచి ఢాకా దాకా వెళ్ళదు. డ్రైవరు కార్ పాస్ అనే సరిహద్దు దాటే అనుమతి పత్రం తీసుకుని అవతల ఉన్న బేనాపోల్ యార్డు వరకే వెళ్ళి, సరుకు దించి వెనక్కి రావాలి. అక్కడ గిడ్డంగులు నిండిపోతే దించడం ఆగుతుంది, దించని లారీ కదలదు, దాని వెనుక వరుస మన వైపు బనగావ్ దాకా పెరుగుతుంది. అటువంటప్పుడు మన వైపు రోడ్డు ఎంత వెడల్పు చేసినా నిలిచే లారీలు ఎక్కువవుతాయే తప్ప దాటేవి పెరగవని నా అభిప్రాయం. లారీకి వంతు సమయం ముందే కేటాయించి, ఆ వేళకే రమ్మనడం అంతకంటే మేలైన పని.

తనిఖీని సరిహద్దు గీత దగ్గరి నుంచి వెనక్కి జరపడమే అసలు ఉపాయం. మన రాష్ట్రాల మధ్య అది చూశాం: 2017 జులైలో జీఎస్‌టీ వచ్చాక అమ్మకపు పన్ను చెక్‌పోస్టులు పోయాయి, 2018 నుంచి సరుకు బయలుదేరక ముందే దాని వివరాలు ఆన్‌లైన్‌లో నమోదు చేసి ఈ-వే బిల్లు అనే పత్రం తీసుకుంటున్నారు. దేశాల మధ్య ఈ పని సీలు చేస్తుంది. విశాఖ రేవులో దిగి నేపాల్‌కు వెళ్ళే కంటైనరుకు ఎలక్ట్రానిక్ సీలు వేసి పంపుతారు. దారిలో ఎవరైనా దాన్ని తెరిస్తే ఆ సంగతి కస్టమ్స్ వారికి వెంటనే తెలుస్తుంది కనుక మధ్యలో విప్పి చూడవలసిన పని తప్పుతుంది. ఇదే పద్ధతిని అనేక దేశాల మీదుగా సాగించే టీఐఆర్ ఒప్పందంలో మనం 2017లో చేరాం.

సరుకు దించకుండా లారీలు నేరుగా పొరుగు దేశంలోకి వెళ్ళేందుకు 2015 జూన్ 15న థింపూలో భారత్, బంగ్లాదేశ్, నేపాల్, భూటాన్ ఒక మోటారు వాహనాల ఒప్పందం మీద సంతకాలు చేశాయి. సంతకాలు జరిగింది తమ రాజధానిలోనే అయినా, భూటాన్ పార్లమెంటు దానికి ఆమోదం తెలపలేదు. పెద్ద దేశపు లారీలన్నీ వచ్చిపడితే ఆ కొండదారులు, అడవులు, అక్కడి చిన్న లారీ యజమానులు ఏమవుతారన్న వారి భయాన్ని నేను తప్పుపట్టలేను. మిగిలిన మూడు దేశాలు తమలో తాము ముందుకు సాగుదామనుకున్నాయి గానీ, ఏ లారీ ఏ దారిలో ఎంతవరకు రావచ్చో, ఎంత రుసుము కట్టాలో, ప్రమాదం జరిగితే ఏ దేశపు బీమా చెల్లుతుందో తేల్చే నిబంధనల దగ్గరే ఏళ్ళు గడిచిపోయాయి.

ఇట్లు,
మీ తాతయ్య