కాలేయ మార్పిడికి ముందు ‘మందు’ పరీక్షలు: అపోహలు, వాస్తవాలు

తిరుపతిలో మానసిక వైద్యుడిగా పనిచేస్తున్నాను. కాలేయం పూర్తిగా పాడైనవాళ్లు నా దగ్గరికి ఒక రిపోర్టు కోసం వస్తారు. ఆపరేషన్ చేసేది చెన్నైలోనో వేలూరులోనో. అంతకుముందు మద్యం, మత్తు అలవాట్ల గురించి అక్కడి టీమ్‌కు తెలియాలి. కొత్తలో ఒకాయన్ని “మందు మానేశారా?” అని అడిగితే, “లేదు సార్, పొద్దున రెండు, రాత్రి రెండు తప్పకుండా వేసుకుంటున్నా” అన్నాడు. ఆయన చెప్పింది మాత్రల సంగతి! అప్పట్నుంచి ‘మద్యం’ అనే అడుగుతున్నా.

అపోహ: వారం ముందు మానేస్తే పరీక్షలో దొరకదు.

నోటితో ఊదే పరీక్షలో కొన్ని గంటలు దాటితే దొరకదు, నిజమే. ఆల్కహాల్ ఒంట్లో విరిగినప్పుడు తయారై మూత్రంలోకి వచ్చే ఇథైల్ గ్లూకురోనైడ్ అనే పదార్థం మూడు నాలుగు రోజుల వరకు తెలుపుతుంది. ఇప్పుడు ఎక్కువగా నమ్మేది ‘పెత్’ అనే రక్తపరీక్షను. ఒంట్లో ఆల్కహాల్ ఉన్నప్పుడే ఎర్ర రక్తకణాల పొరలో తయారయ్యే ఒక కొవ్వు పదార్థాన్ని ఇది కొలుస్తుంది. రెండు నుంచి నాలుగు వారాల కిందటి తాగుడు కూడా ఇందులో బయటపడుతుంది, బాగా తాగేవాళ్లలో ఇంకా వెనక్కి పోతుంది. ఈమధ్య రక్తం ఎక్కించుకుని ఉంటే ముందే చెప్పండి. ఇచ్చినవాళ్లు తాగేవాళ్లైతే ఆ జాడ మీ రిపోర్టులో కనపడొచ్చు. జుట్టు పరీక్షలో మూడు నెలల చరిత్ర తెలుస్తుంది గానీ, మా ఊళ్లో అదొక తమాషా. సగం మంది కొండమీద మొక్కు తీర్చుకుని గుండుతో వస్తారు!

కాలేయం పరిస్థితి చూసే జీజీటీ, ఎస్‌జీఓటీ అనే రక్తపరీక్షలు చూసి తాగాడో లేదో తేల్చలేం. పాడైన కాలేయంలో తాగకపోయినా అవి పెరుగుతాయి.

అపోహ: కల్లు, అరిష్టం లెక్కలోకి రావు.

వస్తాయి. ఆయుర్వేద అరిష్టాలు, ఆసవాలు పులియబెట్టి చేసేవి, వాటిలో సహజంగానే ఆల్కహాల్ ఉంటుంది. అరుగుదలకని పెద్దమ్మ ఇచ్చిన సీసా వల్ల మూత్రపరీక్ష పాజిటివ్ రావచ్చు. కొన్ని దగ్గు సిరప్‌లూ అంతే. నోట్లోకి పోయే ప్రతి సీసా పేరూ చెప్పండి, తిట్టం.

అపోహ: ఏటా అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులు ముట్టను, కాబట్టి నేను బానిసను కాను.

ఈ మాట వారానికొకసారైనా వింటాను. నేనడిగేది 42వ రోజు గురించి. మాల తీసిన సాయంత్రమే సీసా తెరిచారంటే, ఆ 41 రోజులూ ఆపింది దీక్ష. అయినా దాన్ని తీసిపారేయను. ఆ రోజుల్లో ఏం తోడ్పడింది, ఎవరు పక్కనున్నారు, ఏ దారిలో నడవడం మానేశారు అని అడిగి రాసుకుంటాను. చికిత్సకు అంతకన్నా మంచి సమాచారం దొరకదు.

అయితే రోజూ తాగేవాళ్లు ఇంట్లో తమంతట తాము ఒక్కసారిగా ఆపకూడదు. రెండు మూడు రోజుల్లో చేతులు వణకడం, ఫిట్స్, లేనివి కనిపించడం మొదలైతే ప్రాణానికే ముప్పు. డాక్టరు పర్యవేక్షణలో మానాలి.

అపోహ: ఆర్నెల్లు మానకపోతే చట్టం ఒప్పుకోదు.

1994 అవయవ మార్పిడి చట్టంలో అలాంటి షరతే లేదు. ఆర్నెల్లు అనేది ఆసుపత్రులు పాటిస్తూ వచ్చిన పద్ధతి. దానివల్ల లాభం లేకపోలేదు, తాగడం ఆపితే కొందరి కాలేయం కోలుకుని ఆపరేషనే అక్కర్లేకుండా పోతుంది. కానీ అంతకాలం బతకలేనివాళ్ల మాటేమిటి? ఫ్రాన్స్, బెల్జియం డాక్టర్లు 2011లో ప్రచురించిన అధ్యయనంలో, తీవ్రమైన ఆల్కహాలిక్ హెపటైటిస్‌తో (తాగుడు వల్ల వచ్చే కాలేయ వాపు) మందులు పనిచేయని 26 మందిని జాగ్రత్తగా ఎంచి, ఆర్నెల్లు ఆగకుండానే మార్పిడి చేశారు. ఆర్నెల్లకు 77 శాతం మంది బతికున్నారు. మార్పిడి జరగని అలాంటి రోగుల్లో 23 శాతమే. ఆ ఎంపికలో ఇంటివాళ్ల అండ ఒక ముఖ్యమైన షరతు. అందుకే రోగితో పాటు భార్యనో అన్ననో కూర్చోబెట్టి మాట్లాడతాను. పరీక్ష పాజిటివ్ వచ్చినంత మాత్రాన పేరు కొట్టేయడం ఉండదు, చికిత్స మొదలవుతుంది. తాగి, తాగలేదని బుకాయించినవాళ్ల విషయంలోనే టీమ్ వెనకాడుతుంది. రేపు మార్పిడి తర్వాత మందులు వేసుకుంటున్నానని చెబితే నమ్మేదెలా?

గంజాయి, నిద్రమాత్రలు, ట్రమడాల్ అనే నొప్పి మాత్ర లాంటివీ మూత్రంలో చూస్తాం. గంజాయి రోజూ తాగేవాళ్లలో నెల వరకు కనిపించవచ్చు. బీడీ, సిగరెట్లు కూడా ఆపాలి. పొగతాగేవాళ్లలో కొత్త కాలేయానికి వెళ్లే ధమనిలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఎక్కువ.

అపోహ: ఈ పరీక్షలన్నీ రోగిని పట్టుకోవడానికే.

చిత్తూరు వైపు నుంచి ఒకామె భర్తను తీసుకొచ్చింది. “మళ్లీ తాగుతుండాడు సార్. పగలంతా మత్తు, మాట ముద్ద ముద్దగా వస్తాది” అంది. ఆయన తల దించుకుని కూర్చున్నాడు, వాదించే ఓపిక కూడా లేదు. నాకూ అనుమానమే వచ్చింది, అబద్ధం చెప్పను. పెత్ రిపోర్టులో జాడే లేదు. కాలేయం శుభ్రం చేయలేని విషాలు మెదడుకెక్కి వచ్చిన మత్తు అది. నాలుగు రోజులుగా విరేచనం కాలేదట. కాలేయ డాక్టరు విరేచనం సాఫీగా అయ్యేందుకిచ్చే లాక్టులోజ్ సిరప్ మోతాదు పెంచాక, రెండోరోజుకు మనిషి తేటపడ్డాడు.